పాత మారుతి 800 విపరీతంగా వణుకుతోంది. ఇంజిన్ మౌంట్లు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు. అయితే ముందు తప్పు మౌంట్లదేనని, అంటే ఇంజిన్‌ను కారుకు పట్టి ఉంచే రబ్బరు, ఇనుము దిమ్మెలదేనని తేల్చుకోండి. 800లోని మూడు సిలిండర్ల ఇంజిన్‌కు కాస్త వణుకు పుట్టుకతోనే ఉంది. స్పార్క్ ప్లగ్గు పాడైనా వణుకు పెరుగుతుంది. బానెట్ ఎత్తి, మౌంట్ల రబ్బరు చిట్లిందా, ఇనుము నుంచి ఊడిందా అని టార్చి వేసి చూడండి.

ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద మందపాటి చెక్క పెట్టి, జాకీతో ఇంజిన్ బరువు మోసేంత మేరకే ఎత్తండి. చెక్క లేకుంటే సంప్ సొట్టపోవచ్చు, అదో అదనపు ఖర్చు. అన్నీ ఒకేసారి విప్పకండి. ఒకటి మార్చాకే మరొకటి. కారు జాకీ మీదే నిలిచి ఉంటే కిందికి దూరనే వద్దు.

కొత్త మౌంట్ బోల్టులను మొదట వదులుగా ఎక్కించి, జాకీ దించి, ఇంజిన్ తన చోట కుదురుకున్నాక గట్టిగా బిగించాలి. ముందే బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.