గంటన్నర సినిమాని పది ఎపిసోడ్లు చేసేముందు

తమ్ముడూ,

గంటన్నర సినిమాని పది ఎపిసోడ్ల సిరీస్‌గా మారుస్తూ నువ్వు రాసిన అవుట్‌లైన్ చదివాను. సినిమాలోని సీన్లన్నీ ఉన్నాయి, మధ్యలో నువ్వు కల్పించిన ఛేజింగులూ ఫ్లాష్‌బ్యాకులూ ఉన్నాయి, పది ఎపిసోడ్లూ నిండాయి. ఈ కథ సిరీస్ ఎందుకవ్వాలో మాత్రం ఎక్కడా కనిపించలేదు. మొహమాటం లేకుండా చెప్తున్నా, ఏమనుకోకు.

ఓసారి 'వెస్ట్‌వరల్డ్' సినిమానీ సిరీస్‌నీ వెంటవెంటనే చూడు. 1973లో మైఖేల్ క్రైటన్ రాసి తీసిన సినిమా గంటన్నర కూడా ఉండదు. రోజుకి వెయ్యి డాలర్లు కట్టి డబ్బున్నవాళ్లు పార్కుకొస్తారు, కౌబాయ్ వేషాలేసుకుని అక్కడి మరమనుషుల్ని సరదాకి కాల్చేస్తుంటారు, ఒకరోజు అవి ఎదురుతిరుగుతాయి, అంతే. నల్లబట్టల్లో యూల్ బ్రిన్నర్ నడిచొస్తుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది గానీ, ఆ మరమనిషికి లోపల ఏమనిపిస్తోందో సినిమాకి అక్కర్లేదు. వాడు తరమాలి, హీరో పరిగెత్తాలి.

అందులోనే ఒక చిన్న ఘట్టం ఉంది. రాత్రి సిబ్బంది వచ్చి వీధిలో పడున్న మరమనుషుల్ని ఎత్తుకుపోయి, వర్క్‌షాపులో బల్లల మీద పడుకోబెట్టి రిపేరు చేసి, మళ్లీ కాల్పించుకోవడానికి పంపేస్తారు. పార్కు ఎలా నడుస్తుందో చెప్పడానికి సినిమా దాన్ని చూపించి ముందుకెళ్లిపోయింది. 2016లో జొనాథన్ నోలన్, లీసా జాయ్ అమెరికన్ టీవీ ఛానెల్ హెచ్‌బీవోకి చేసిన సిరీస్ మాత్రం అక్కడే ఆగింది. బల్ల మీదున్న మనిషికి నిన్నటి చావు గుర్తుంటే? రెండో ఎపిసోడ్‌లో మేవ్ అనే మరమనిషి సర్జరీ మధ్యలో కళ్లు తెరిచి, కత్తి అందుకుని, కడుపు పట్టుకుని కారిడార్లలో పడుతూ లేస్తూ వెళ్తుంది. ఒక అద్దాల గదిలో తనలాంటివాళ్ల శరీరాలు బట్టల్లేకుండా పడుంటే పైపుతో నీళ్లు కొట్టి కడుగుతుంటారు. నాకు అసూయ పుట్టించిన సీన్ అది, ఎందుకంటే దాని సరుకంతా 1973 నుంచీ మన కళ్లముందే ఉంది.

ఇదే సినిమా ఆధారంగా 1980లో అమెరికాలో 'బియాండ్ వెస్ట్‌వరల్డ్' అని ఇంకో సిరీస్ వచ్చింది. ప్రపంచాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలనుకునే విలన్, అతను దింపే రోబోలు, పట్టుకోవడానికి వెనకాల ఒక సెక్యూరిటీ ఆఫీసర్. అయిదు ఎపిసోడ్లు తీస్తే మూడే ప్రసారమయ్యాయి. నీ అవుట్‌లైన్ ప్రస్తుతానికి దీనికి దగ్గర్లో ఉంది.

సినిమా పెట్టిన రూల్ మార్చొచ్చా అని అడిగావు. మార్చొచ్చు, కాకపోతే మార్చింది ఎందుకో నీకు తెలియాలి. '12 మంకీస్' అనే కాలప్రయాణం సినిమాలో గతం మారదు, హీరో కోల్‌ని భవిష్యత్తు నుంచి అక్కడికి పంపేది సమాచారం కోసమే. 2015లో మొదలైన సిరీస్‌లో అతన్ని పంపేదే గతాన్ని మార్చడానికి. మారదని ముందే తేలిపోతే సీజన్ల తరబడి అతను దేనికోసం పోరాడుతున్నట్టు? మార్చడానికి అదీ కారణం. సినిమాలో బ్రాడ్ పిట్ వేసిన జెఫ్రీ గోయిన్స్ పాత్ర సిరీస్‌లో జెన్నిఫర్ అయింది, ఆ పిల్ల ఆ సిరీస్‌కే ప్రాణం.

ట్విస్టుల సంగతి. 'వెస్ట్‌వరల్డ్' మొదటి సీజన్‌లో దాచిపెట్టిన రెండు కాలాల ముడిని (ఒకే కాలంలో జరుగుతున్నట్టు చూపించినవి నిజానికి వేర్వేరు కాలాల్లోవి) చాలామంది చివరిదాకా ఆగకుండానే విప్పేశారు. అయినా సీజన్ నిలబడింది, పార్కులోని మరమనిషి డొలోరెస్‌కి ఏమవుతుందోనన్న టెన్షన్ ఉంది కాబట్టి. తర్వాతి సీజన్లలో చిక్కుముడులు పెరిగాయి, ఆ టెన్షన్ తగ్గింది (నా మటుకు నాకు), 2022లో నాలుగో సీజన్‌తో ఆపేశారు. నీ ఏడో ఎపిసోడ్‌లో ట్విస్టు తీసేసి చదువుకో. ఏమీ మిగలకపోతే ఆ ఎపిసోడ్ లేనట్టే.

ఇక హక్కులు. సినిమా హక్కులు నీ దగ్గర లేవు కాబట్టి దీన్ని అమ్మలేవు, నీ పనితనం చూపించే శాంపిల్‌గానే వాడుకోవాలి. అలాంటప్పుడు పది ఎపిసోడ్లతో నీకేం పని? సినిమా చూపించి వదిలేసిన చోటు ఒక్కటి పట్టుకుని, అక్కడున్న మనిషి మీద పైలట్ (సిరీస్ మొదటి ఎపిసోడ్) ఒక్కటి రాసి పంపు. ఛేజింగ్ వద్దు.