ఇంట్లో చేసుకునే మల పరీక్షతో పెద్దపేగు క్యాన్సర్ తెలుస్తుందా?

నేరుగా తెలియదండీ. అది పట్టించేది కంటికి కనపడని రక్తాన్ని. పేగులోని కణితి, పెద్ద పాలిప్ (పేగు లోపలి గోడపై పెరిగే కండ) అప్పుడప్పుడు కొద్దికొద్దిగా రక్తం కారుస్తాయి. ఫిట్ (FIT) అనే మల పరీక్ష మనిషి హిమోగ్లోబిన్‌నే గుర్తిస్తుంది కాబట్టి ముందురోజు మటన్ తిన్నా ఫర్వాలేదు. గ్వాయాక్ అనే పాత రకం మల పరీక్షకైతే మాంసం మానాలి.

రక్తం రోజూ కారదు గనుక ఒక్క నెగెటివ్‌తో నిశ్చింతగా ఉండలేం. అమెరికాలో 45 ఏళ్ల వయసు నుంచి ఏటా చేయించుకోమంటారు. మన ప్రభుత్వ స్క్రీనింగ్‌లో ఉన్నవి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లే. అందుకే హైదరాబాద్‌లో మనమే డాక్టర్‌ని అడిగి చేయించుకోవాలి.

పాజిటివ్ వస్తే "మొలలేలే" అని దయచేసి వదిలేయకండి, కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) తప్పనిసరి. మలంలో రక్తం కనిపిస్తూనే ఉంటే అసలు కిట్ కోసం ఆగొద్దు, వెంటనే గ్యాస్ట్రో డాక్టర్‌కి చూపించండి.