బంకులో కారు దిగి నిలబడు

తిరుపతి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కొత్త కారు కొన్నావని, శనివారం పిల్లల్ని తీసుకుని బెంగళూరు నుంచి నువ్వే నడుపుకుంటూ వస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. డ్రైవింగ్ గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. పెట్రోల్ బంకుల గురించి మాత్రం చెప్పాలి. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో టాక్సీ తిప్పినవాణ్ణి, కష్టపడిన డబ్బు అక్కడ ఎలా పోతుందో నాకు తెలుసు.

బంకులో ఇంజన్ ఆపగానే కారు దిగు. దిగి మెషిన్ ముందు నిలబడు. పిల్లాడు ఏడ్చినా, ఫోన్ మోగినా ఆ రెండు నిమిషాలు నీ కళ్లు అంకెల మీదే ఉండాలి. ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, ఒకసారి నేనే మోసపోయాను.

కాణిపాకం వెళ్లే యాత్రికులను ఎక్కించుకుని దారిలో ఒక బంకులో ఆగాను. వెయ్యి రూపాయలకు కొట్టమని చెప్పి సీట్లోనే కూర్చున్నాను. కుర్రాడు రెండొందల దగ్గర ఆపేసి, "అయ్యో, రెండొందలని విన్నాను సార్, మిగతాది కొడతా" అన్నాడు. సరే అన్నాను. అంతలో ఇంకొకడు అద్దం దగ్గరికొచ్చి "క్యాషా, కార్డా సార్? చిల్లర ఉందా?" అంటూ మాటల్లో పెట్టాడు. తల తిప్పేసరికి మెషిన్ మీద 800 ఉంది. అదీ ఇదీ కలిపితే వెయ్యి, లెక్క సరిపోయింది అనుకుని డబ్బిచ్చి బయలుదేరాను. పూతలపట్టు చేరేసరికి బుర్రలో వెలిగింది. వాడు మీటరును సున్నాకి తేనే లేదు. 200 నుంచే కొనసాగించి 800 దగ్గర ఆపాడు. ట్యాంకులో పడింది మొత్తం ఎనిమిదొందలదే. యాత్రికులను దర్శనం టైముకు దించాలి కాబట్టి వెనక్కి కూడా పోలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే మధ్యలో ఎవరైనా ఆపితే, అప్పటిదాకా కొట్టినదానికి బిల్లు తీసుకో. మళ్లీ సున్నా కనబడ్డాకే రెండోది మొదలుపెట్టనివ్వు. "సున్నా చూశాను, కొట్టు బాబూ" అని పైకే అను. లీటరు ధర కూడా అక్కడే చూసుకో. అడగకుండానే ప్రీమియం పెట్రోల్ కొట్టేవాళ్లున్నారు. కార్డు ఎవరి చేతికీ ఇవ్వకు, కార్డు గీకే యంత్రాన్నే నీ దగ్గరికి తెమ్మను.

వెయ్యికి బదులు వెయ్యిన్ని ముప్పై అడిగితే మోసం జరగదని చాలామంది చెప్తారు. నేను నమ్మను. మెషిన్ లోపలే చిప్ పెట్టి ఉంటే ఏ అంకెకైనా కోత పడుతుంది. 2017లో ఉత్తరప్రదేశ్‌లో, 2020లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు అలాంటి చిప్‌లే పట్టుకున్నారు. తెల్లవారుజామున కొట్టిస్తే ఎక్కువ వస్తుందన్న మాట కూడా వదిలెయ్. పెట్రోల్ ఉండేది భూమి లోపలి ట్యాంకులో, పైన ఎండకాసినంత మాత్రాన అక్కడ పెద్దగా తేడా రాదు.

కొలత మీద అనుమానం వస్తే అయిదు లీటర్ల క్యాను తెమ్మని అడుగు. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఆ క్యాను ప్రతి బంకులోనూ ఉండాలి. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకు ఒప్పుకుంటారు, అంతకుమించి తక్కువొస్తే ఆ మెషిన్ నడపకూడదు. కల్తీ అనిపిస్తే ఫిల్టర్ పేపర్ అడుగు, ఉచితంగానే ఇవ్వాలి. నాజిల్ మూతి శుభ్రంగా తుడిపించి పేపర్ మీద ఒక్క చుక్క వేయించు. రెండు నిమిషాల్లో ఆరిపోయి మరక మిగలకపోతే మంచిది. లేత గులాబీ ఛాయ ఉంటే కంగారుపడకు, అది పెట్రోల్‌లో కలిపే రంగు. ఈ పేపర్ పరీక్ష పెట్రోల్‌కే, డీజిల్‌కి పనికిరాదు. అడగడానికి మొహమాటపడకు అల్లుడూ, అది నీ హక్కు. నిజాయితీగా నడిపేవాళ్లు నవ్వుతూనే చూపిస్తారు, అలాంటి బంకులే ఎక్కువ.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. పుస్తకంలో 37 లీటర్లని రాసిన ట్యాంకులో 40 పట్టిందని వెంటనే గొడవకు దిగకు. మూతి దాకా నింపితే రాసినదానికంటే ఎక్కువే పడుతుంది.

నిజంగా మోసం జరిగితే రాత్రిపూట, పిల్లలు కార్లో ఉండగా వాదులాట వద్దు. బిల్లు, టైము, ఏ నాజిల్ అన్నది రాసి పెట్టుకుని, బంకులో రాసి ఉండే ఆయిల్ కంపెనీ నంబరుకు ఫిర్యాదు చెయ్యి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది.

మన దగ్గర పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, పైన లీటరుకు ఇంకో నాలుగు రూపాయలు పడుతుంది. కర్ణాటకలో చౌక. కాబట్టి ముళబాగిలు దాటాక నంగిలి దగ్గరే ట్యాంకు నింపుకో. అక్కడి నుంచి తిరుపతికి మళ్లీ ఆగే పనే ఉండదు. మొగిలి ఘాట్‌లో మాత్రం నెమ్మదిగా రా. పలమనేరు చేరగానే ఫోన్ చెయ్యి, అత్త అన్నం వండి పెడుతుంది.

ఇట్లు,
మీ మామయ్య