మెడ వెడల్పున్న అన్యూరిజానికి ఫ్లో డైవర్టర్: మాత్రల సంగతి కూడా అడగండి

మీ నాన్నగారికి మెదడులో పగలని అన్యూరిజం (రక్తనాళపు గోడ బుడగలా ఉబ్బిన చోటు) ఉందని, దాని మెడ, అంటే ఉబ్బు నాళాన్ని కలిసే చోటు, వెడల్పుగా ఉండడంతో ఒక డాక్టరుగారు పుర్రె తెరిచి ఆ మెడకు క్లిప్ వేయాలంటుంటే మరొకరు నాళంలో పెట్టే ఫ్లో డైవర్టర్ అనే జాలీ గొట్టం చాలంటున్నారని రాశారు. మా అమ్మకు కంటి వెనుక, మెదడుకు రక్తం తీసుకెళ్లే అంతర కెరోటిడ్ ధమని మీద ఇలాంటిదే ఉంటే ఫ్లో డైవర్టర్ పెట్టించాము. ఆ అనుభవంతో చెబుతున్నాను: పరికరం గురించి ఎంత శ్రద్ధగా అడుగుతున్నారో, ఆ తరువాత వాడవలసిన మాత్రల గురించీ అంతే శ్రద్ధగా అడగండి.

1990 నుంచి వాడుకలో ఉన్న ప్లాటినం కాయిళ్లను (సన్నని తీగచుట్టలను) ఉబ్బులో నింపితే లోపల రక్తం గడ్డకట్టి అది మూసుకుపోతుంది. మెడ 4 మిల్లీమీటర్లు దాటితే కాయిళ్లు అసలు నాళంలోకి జారే ప్రమాదం ఉంటుంది కాబట్టి బెలూన్ గానీ స్టెంట్ (నాళంలో పెట్టే జాలీ గొట్టం) గానీ అడ్డుపెట్టి నింపుతారు. ఫ్లో డైవర్టర్‌ను ఉబ్బు లోపల పెట్టరు. నాళంలోనే, మెడను దాటేలా పరుస్తారు. దగ్గరదగ్గరగా అల్లిన ఆ లోహపు జాలీ వల్ల ఉబ్బులోకి వెళ్లే రక్తం నెమ్మదించి గడ్డకడుతుంది, నెలలు గడిచేకొద్దీ జాలీ మీద నాళపు లోపలి పొర పెరిగి మెడ మూసుకుపోతుంది. కెరోటిడ్ మీది పెద్ద అన్యూరిజాలకు అమెరికాలో 2011లో దీనికి అనుమతి వచ్చింది. నాళం రెండుగా చీలే చోట ఇది అంతగా కుదరదు. అక్కడ క్లిప్పింగే మేలని డాక్టరుగారు చెప్పవచ్చు. మీ ఇద్దరు డాక్టర్ల మాటల్లో తేడా ఇందువల్ల వచ్చిందేమో ముందు కనుక్కోండి.

ఇక మాత్రలు. జాలీలో రక్తం గడ్డకడితే పక్షవాతం రావచ్చు కనుక రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ముందునుంచే మొదలుపెడతారు. క్లోపిడోగ్రెల్ కొందరి ఒంటికి పనిచేయదు. అమ్మకు ప్లేట్‌లెట్ల (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాల) పరీక్షలో అదే తేలడంతో టికాగ్రెలార్ అనే మరో మాత్రకు మార్చారు. ఆ పరీక్ష చేస్తారా అని తప్పక అడగండి. పరికరాన్ని లోపలికి పంపడానికి తొడ దగ్గర గొట్టం పెట్టిన కాలు మడవకుండా పడుకోవడం ఒక్కపూటతో తీరింది గానీ, ఈ మాత్రల వల్ల బీపీ పట్టీ బిగించిన చోటల్లా చర్మం నల్లగా కమిలిపోవడం నెలల తరబడి సాగింది. మధ్యలో పన్ను తీయించవలసి వచ్చినప్పుడు మాత్రలు ఆపమని దంతవైద్యులు చెప్పినా, న్యూరో డాక్టరుగారిని అడిగి, ఆపకుండా, పన్ను తీయడమే వాయిదా వేయించాము. మీ నాన్నగారికి కడుపులో పుండ్లు, రక్తస్రావం వంటివి ఎప్పుడైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, ఎందుకంటే చికిత్స ఎంపికే దానివల్ల మారవచ్చు.

యాంజియోగ్రామ్ (రక్తనాళాల చిత్రాల) సీడీని క్లిప్పింగ్, ఎండోవాస్కులర్ (రక్తనాళం గుండా చేసే) చికిత్స రెండూ చేసే ఆసుపత్రిలో చూపించండి. ఈలోగా ఆయనకు ఎన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, ఒక కనురెప్ప వాలిపోయినా, అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకువెళ్లండి.