గాల్లో మంచం సరే, యాంటీవైరస్ ఎందుకు ఆపాలి?

ప్రశ్న: ఇళ్లు కట్టి బొమ్మ మనుషులను అందులో ఉంచే సిమ్స్ 4 కంప్యూటర్ గేమ్‌లో బీరువాలు, టేబుళ్లు పేర్చి రెండంతస్తుల గది కట్టాను. పైన మంచం కూడా పెట్టాను, కానీ మనిషి ఎక్కి పడుకోవడం లేదు. దీనికో మోడ్ (గేమ్‌కు బయటివాళ్లు తయారుచేసే అదనపు ఫైలు) దొరికింది. ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపొచ్చా? నాది ఆఫీసు ల్యాప్‌టాప్.
– ఓ పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఆపొద్దు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అసలే వద్దు. ఈ ప్రశ్న నాకు బెంగళూరు నుంచి మళ్లీ మళ్లీ వస్తోంది.

ముందు మంచం సంగతి. మూవ్‌ఆబ్జెక్ట్స్ చీట్ (గేమ్ నియమాలు సడలించే కోడ్) వేసి 9 నొక్కితే వస్తువు పైకి లేస్తుంది, 0 నొక్కితే దిగుతుంది. అలా లేపింది చూడ్డానికే పనికొస్తుంది. బీరువా పైభాగాన్ని గేమ్ నేలగా లెక్కపెట్టదు, అందుకే మనిషి అక్కడికి వెళ్లడు. పైన సగం గదికి నిజం ఫ్లోర్ వేసి నిచ్చెన పెట్టండి. బీరువాలను దాని కింద నిలబెడితే అవే మోస్తున్నట్టు కనిపిస్తుంది. కొద్దిపాటి ఎత్తు చాలంటే నేలను కాస్త ఎత్తుగా కట్టుకునే ప్లాట్‌ఫాం టూల్ గేమ్‌లోనే ఉంది, 2020లో వచ్చింది. మోడ్‌తో పనే లేదు.

నా టెన్షన్ అంతా ఆ మోడ్ గురించే. మోడ్‌లలో ప్యాకేజ్ అనే రకం ఫైళ్లలో ఎక్కువగా సోఫాలు, కర్టెన్ల లాంటివి ఉంటాయి. టీఎస్4స్క్రిప్ట్ అనే రకం ఫైళ్లలో ఉండేది పైథాన్ భాషలో రాసిన ప్రోగ్రామ్ కోడ్, అది మీ కంప్యూటర్ మీదే నడుస్తుంది. 2024లో కొన్ని సిమ్స్ మోడ్‌లలోకి దొంగ కోడ్ దూర్చారు. అలాంటి కోడ్‌ను పట్టుకోవడమే యాంటీవైరస్ పని, దాన్ని ఆపమంటే అనుమానించాల్సిందే. ఆ దొంగ కోడ్‌కు కావలసింది మీ గేమ్ కాదు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మీరు ఇప్పటికే లాగిన్ అయ్యారని సైటుకు చెప్పే గుర్తులు). కుకీ చేతికి చిక్కితే చాలాసార్లు ఓటీపీ అవసరం లేకుండానే మీ మెయిల్ తెరవొచ్చు. అదే ల్యాప్‌టాప్‌లో ఆఫీసు మెయిల్ రోజంతా తెరిచే ఉంటుంది కదా!

ఇంకొకటి. ఒక పాఠకుడు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఫైలు పేరు ‘మెట్లు.ప్యాకేజ్’ అని ఉంది. ఎక్స్‌టెన్షన్లు (ఫైలు పేరు చివర దాని రకం చెప్పే అక్షరాలు) చూపించే సెట్టింగ్ ఆన్ చేయమన్నాను. ఆ పేరు చివర ‘.ఈఎక్స్‌ఈ’ బయటపడింది, అంటే అది నొక్కగానే నడిచే ప్రోగ్రామ్. ఏ ఫైలు ఏమిటో చెప్పే ఆ నాలుగు అక్షరాలనే దాచిపెట్టి కంప్యూటర్లు అమ్మడం నాకు ఒళ్లు మండించే విషయం. స్క్రీన్ నీటుగా కనబడితే చాలా? జనం ఏం చూసి జాగ్రత్తపడాలి?

ఇప్పటికే ఆ మోడ్ ఫైలు నొక్కి ఉంటే వెంటనే నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ కొట్టండి. ఆఫీసు ఐటీ వాళ్లకు ఈరోజే చెప్పండి, తిడతారని రేపటిదాకా ఆగొద్దు.