సీఆర్ఆర్‌టీ (ఐసీయూలో రోజంతా ఆగకుండా నడిచే డయాలిసిస్) గంటకు 100 మి.లీ. నీరు తీస్తున్నా పొద్దుటికి పేషెంట్ ఫ్లూయిడ్ బ్యాలెన్స్ (లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది లెక్క) ప్లస్‌లోనే ఎందుకు?

మెషీన్ తప్పు కాదు. మీరు పెట్టిన 100 మెషీన్ లెక్క, పేషెంట్ లెక్క కాదు. సిరంజి పంపుల్లో, రైల్స్ ట్యూబ్‌లో (ముక్కు నుంచి పొట్టలోకి వేసే గొట్టం) వెళ్లేది దానికి తెలియదు.

అందరూ వదిలేసేది ఇదే: రిమూవల్ రేటు (మెషీన్ గంటకు తీసే నీరు) రౌండ్స్‌లో ఒకసారి పెట్టి, రాత్రంతా ముట్టుకోరు. ప్రతి గంటా మార్చాలి.

1. గడిచిన గంటలో లోపలికి వెళ్లిందంతా కూడండి. ఉదాహరణకు నోరాడ్రినలిన్ 8 మి.లీ., సెడేషన్ 12, కాల్షియం 20, ఫీడ్ 40, యాంటీబయాటిక్, ఫ్లష్ కలిపి 50. మొత్తం 130.
2. యూరిన్, డ్రెయిన్ 20 తీసేయండి. 110.
3. డాక్టరు గంటకు 30 మైనస్ కావాలన్నారనుకోండి. మెషీన్‌లో పెట్టాల్సింది 140. మీరు 100 పెడితే గంటకు 10 ప్లస్!

డయాలిసేట్, రీప్లేస్‌మెంట్ (మెషీన్ తనే పంపే ద్రవాలు) లెక్క మెషీనే చూసుకుంటుంది, మళ్లీ కలపకండి. సిట్రేట్ (ఫిల్టర్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది) విడి పంపులో వెళ్తుంటే మాత్రం కలపాలి.

యాంటీబయాటిక్ కలిపిన సెలైన్ చార్ట్‌లో ఎక్కుతోందా? మా దగ్గర ఒక రాత్రి 100 మి.లీ. పొటాషియం బ్యాగులు రెండు చార్ట్‌లో ఎక్కనే లేదు, పొద్దున్న పెద్ద గొడవ.

ఫిల్టర్ మార్చడానికి 3 గంటలు ఆగితే 300 మి.లీ. తీయనట్టే. అదంతా ఒక్క గంటలో లాగేయకండి, బీపీ పడిపోతుంది.

రిమూవల్ గంటకు కిలోకు 1.75 మి.లీ. దాటినవాళ్లలో మరణాలు ఎక్కువని 2019లో ఒక విశ్లేషణ వచ్చింది. 80 కిలోల మనిషికి అది 140. లెక్క అంతకు మించుతుంటే రేటు పెంచే ముందు డాక్టరుతో మాట్లాడి మందుల డైల్యూషన్ (మందు కలిపే సెలైన్ పరిమాణం) తగ్గించండి.