భిన్నాలకు చోటు చాలడం లేదా?

ప్రశ్న: ఆరో తరగతి పిల్లలకు లెక్కల వర్క్‌బుక్ వర్డ్‌లో నేనే చేస్తున్నాను. వాక్యం మధ్యలో భిన్నాలు మరీ చిన్నగా వస్తున్నాయి, ప్రెస్‌లో ఫైల్ తెరిస్తే తెలుగంతా చెదిరిపోయింది. లెక్కల పుస్తకాలు కూర్చే లేటెక్ (LaTeX) సాఫ్ట్‌వేర్ నేర్చుకోక తప్పదా?
– ఒక టీచర్, తెనాలి

జవాబు: ఈ ఒక్క పుస్తకానికైతే అక్కర్లేదు టీచర్ గారూ. వర్డ్‌లో సమీకరణం వాక్యం మధ్యలో ఉంటే భిన్నాన్ని కుదించేస్తుంది, అదే విడి వరుసలో పెడితే పూర్తి సైజులో వస్తుంది, కాబట్టి పిల్లలు చేయాల్సిన లెక్కను ఎప్పుడూ విడి వరుసలోనే పెట్టండి. లైన్ స్పేసింగ్ మాత్రం ‘ఎగ్జాక్ట్లీ’ మీద ఉంచకండి, భిన్నాల తలలూ మన వత్తులూ తెగిపోతాయి. 1.5 పెడితే హాయిగా ఉంటుంది.

నాకు అంతకంటే ముఖ్యంగా అనిపించేది జవాబు రాసే ఖాళీ. 3/4 + 5/6 తీసుకోండి. క.సా.గు. 12, తర్వాత 9/12 + 10/12, ఆపైన 19/12, చివరికి మిశ్రమ భిన్నంగా 1 7/12. పిల్లలు లవం పైన, హారం కింద రాస్తారు కదా, అంటే ప్రతి మెట్టుకూ మామూలు వరుసకు రెండింతల ఎత్తు కావాలి, మనమేమో ప్రశ్న కింద రెండు గీతలు కొట్టి వదిలేస్తాం, వాళ్లు మార్జిన్‌లో ఇరికించి రాసి అంకెలు కలిసిపోయి తప్పు చేస్తారు. అది లెక్క రాక చేసిన తప్పు కాదు! భిన్నాల దగ్గర గీతలు తీసేసి ఖాళీ వదలండి, భాగహారాలకు గళ్లు ఇవ్వండి. పేజీలు పెరిగితే పెరగనివ్వండి, కావాలంటే నాలుగు లెక్కలు తగ్గించండి. పెద్ద అక్షరాలతో రాసే పిల్లాడికి ఒక పేజీ జిరాక్స్ తీసి ఇచ్చి చూస్తే ఎంత చోటు కావాలో తెలిసిపోతుంది.

ఏటా మార్చి వేసే పుస్తకమైతే మాత్రం లేటెక్ నేర్చుకోండి, ఉచితమే. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ 1977లో తన పుస్తకం ప్రూఫుల్లో అక్షరాల తీరు నచ్చక మొదలుపెట్టిన టెక్ (TeX) అనే అక్షరకూర్పు ప్రోగ్రామ్ దీనికి పునాది. ఒకే ఫైల్ నుంచి పిల్లలకు జవాబుల్లేని ప్రతి, మీకు జవాబులున్న ప్రతి తీసుకోవచ్చు. తెలుగుకు లేటెక్‌లోనే యూనికోడ్ అక్షరాలు తీసుకునే రకం, జీలేటెక్ (XeLaTeX), వాడి, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్ పెట్టుకోండి. యూనికోడ్ కాని పాత ‘అను’ (Anu) ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ ఉంటే ముందు యూనికోడ్‌లోకి మార్చాలి.

ప్రెస్‌కు వర్డ్ ఫైల్ పంపకండి, ఫాంట్లు అందులోనే ఇమిడిన పీడీఎఫ్ పంపండి. పంపేముందు కాగితం మీద ప్రింట్ తీసి, వరుస చివర మైనస్ గుర్తు ఒక్కటే మిగిలిపోయి అంకె కింది వరుసలోకి జారిందేమో చూడండి, రుణ సంఖ్యల పాఠంలో మరీ జాగ్రత్తగా.